మూడో ఆదివారం చీటీ

"గాడిపొయ్యి ఈడ తవ్వేదయితే నేను డేగిశా దించను," అని వంటమాస్టరు ముత్యాలయ్య పైగుడ్డ దులిపి భుజాన వేసుకుని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

పందిరి వెంకయ్య అంతకంటే మొండిఘటం. గునపం నేలలో గుచ్చి దాని పక్కనే నిలబడ్డాడు. పొయ్యి బావి పక్కన అని కాగితంలో రాసి ఉందట. దాన్నిబట్టి నిన్ననే గుంజలు పాతేశాడట. ఇప్పుడు పొయ్యి మార్చాలంటే గుంజలు పీకాలి, పాతిన గుంజ పీకడం తన ఇంటావంటా లేదట.

పెళ్లి గురువారం. ఇవాళ శనివారం. పెళ్లికూతురి తండ్రి కృపాదానం మేష్టరు బడిలో అరవై మంది పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టగలడు గానీ, సొంత వాకిట్లో ఇద్దరు పనివాళ్ల నడుమ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో ఆయన వదిన ఎస్తేరమ్మ చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది.

"వదినా, నువ్వొక మాట చెప్పరాదా?"

"కాగితం రాసినామె ఉండాది గదా, ఆమెను అడుగు," అంది ఎస్తేరమ్మ తలెత్తకుండా. "నాకేం తెలుసు?"

నాకేం తెలుసట! ఆ మాటకు అరుగు మీది ముత్యాలయ్య కూడా నోరు తెరిచి చూశాడు. ముత్తుకూరు పాళెంలో పదిహేడేళ్లుగా ఎస్తేరమ్మ చెయ్యి పడకుండా ఒక్క పెళ్లి జరిగితే ఒట్టు. పెళ్లి కుదిరిందనగానే ఆమె ముందు పందిరివాడి దగ్గరికి పోదు, వంటమాస్టరు దగ్గరికి పోతుంది. ఎందుకంటే పొయ్యి ఎక్కడో తేలితేనే పందిరి ఎక్కడో తేలుతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది. పొయ్యి తూర్పున పెట్టారా, పొగంతా పెళ్లికూతురి కళ్లలోనే. వంటమాస్టరు మాటను బట్టి పందిరివాడు, పందిరి కొలతను బట్టి పెట్రొమాక్సు లైట్లవాడు. దర్జీకి అసలు తేదీకంటే నాలుగు రోజులు ముందున్న తేదీ చెప్పాలి. బ్యాండుమేళం వాళ్లకు అన్నం మొదటి పంక్తిలోనే పెట్టెయ్యాలి, లేకపోతే ఆకలి మీద పాట మధ్యలోనే ముగించేస్తారు. వడ్డనకు నిలబడే పెద్దమనిషి వంటమాస్టరు మాట వినకూడదు, వంటమాస్టరు వడ్డనవాడి మాట వినకూడదు, ఇద్దరూ ఎస్తేరమ్మ మాట వినాలి. ఇదంతా ఆమె తలకాయలో ఉంటుంది. కాగితం మీద ఎన్నడూ పెట్టింది లేదు.

అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టి చింతపండు చేతికిచ్చారు. ఎవరి పెళ్లికి? నాలుగేళ్ల పసిదాన్ని తల్లి దీనమ్మ చనిపోయి వదిలిపెడితే, ఒడిలో వేసుకుని, అన్నం తినిపించి, జడలు వేసి, పదహారేళ్లు పెంచిన సలోమి పెళ్లికి.

కాగితం రాసినామె బావి దగ్గర నుంచి వచ్చింది. మగ్దలీనమ్మ. చనిపోయిన దీనమ్మకు సొంత చెల్లెలు, నెల్లూరిలో ఒక ఆసుపత్రిలో నర్సమ్మ. సలోమి పంతులమ్మ ట్రెయినింగుకు నెల్లూరు పోయి రెండేళ్లు ఈ పిన్ని ఇంట్లోనే ఉంది. పోయేటప్పుడు 'పెద్దమ్మా' అంటూ ఏడుస్తూ బస్సెక్కిన పిల్ల, వచ్చేటప్పుడు 'మా పిన్ని' అంటూ దిగింది. మా పిన్ని ఇలా జడ వేస్తుంది, మా పిన్ని కాఫీలో ఇంతే చక్కెర వేస్తుంది. ఎస్తేరమ్మకు ఆ రెండేళ్ల సంగతులు వినేసరికి కాఫీ మీదే అసహ్యం పుట్టింది.

సోమవారం నాడు ఆ పిన్ని పెట్టెతో దిగింది. మంగళవారం పొద్దుటికల్లా వసారా గోడకు కాగితం అంటించింది. ఆసుపత్రిలో ఏ నర్సు ఏ వార్డుకో రాసి అంటిస్తారట, అలాగే ఇక్కడా ఎవరి పని వాళ్లదని గళ్లు గీసి రాసింది. వంట ముత్యాలయ్య. పందిరి వెంకయ్య. మైకుసెట్టు ఒకరు, పూలు ఒకరు, బస్సు దిగిన చుట్టాలకు ఎదురుపోవడం ఒకరు. పాళెం వాళ్లంతా వచ్చి ఆ కాగితాన్ని చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

ఇప్పుడు ఆ కాగితమే తన్నుకు చచ్చేదాకా తెచ్చింది. ఎస్తేరమ్మ గింజ తీస్తూ ఓరకంట చూసింది. కానీ, కానీ, ఇంకాస్త కానీ అని లోపల ఒక గొంతు అంటోంది.

మగ్దలీనమ్మ ముత్యాలయ్య చెప్పింది నిలబడి విన్నది. వెంకయ్య చెప్పింది విన్నది. తర్వాత చీర కొంగు చేత్తో పైకెత్తి, గాలి ఎటు కొడుతోందో చూసుకుంది.

"తప్పు నాదే మాస్టరుగారూ. నాకు మీ ఊరి గాలి తెలియదు," అంది.

అంతే. ముత్యాలయ్య అరుగు దిగాడు. పొయ్యి ఎక్కడ కావాలో ఆయన్నే కాలితో గీత గీయమంది. గుంజలు పీకక్కర్లేదు, పడమటి వైపు తడిక ఒకటి తీసేసి వంటవాళ్లకు దారి ఇస్తే చాలు కదా అని వెంకయ్యను అడిగింది. చాలునని అతగాడే ఒప్పుకున్నాడు. పది నిమిషాల్లో గునపం చప్పుడు పడమటి వైపు నుంచి వినిపించింది. మేష్టరు ముఖం చేటంత అయింది.

ఎస్తేరమ్మ చేటను ఠపీమని కింద పెట్టింది. తప్పు నాదే అని అంత తేలిగ్గా అనేస్తే మనుషులు కరిగిపోతారా? తను పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదే! అనాల్సిన అవసరం రానివ్వలేదు. అది గొప్ప కాదా? ఎవరికీ కనిపించలేదే ఆ గొప్ప!

మధ్యాహ్నం మగ్దలీనమ్మ గోడమీది కాగితం ఊడదీసుకుని వచ్చి ఎస్తేరమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"అక్కా, పొద్దున నాకు బుద్ధొచ్చింది. మొత్తం చదువుతాను, ఏదన్నా విడిచిపెట్టి ఉంటే చెప్పండి," అంది.

చదివింది. వంట, వడ్డన, నీళ్లు, ఆకులు. గుడిలో పూలు కట్టేవాళ్లు, బ్యాండువాళ్లు దిగే చోటు, ఫొటో తీసే ఆయనకు నీడ. ఎస్తేరమ్మ ఒక్కొక్కదానికీ లోపల్లోపల తప్పు వెతుకుతూ వింది. దొరకలేదు. ఆఖరి గడి దగ్గరికి వచ్చేసరికి మగ్దలీనమ్మ గొంతు కాస్త మెత్తబడింది.

"పెద్దమ్మ. ఏ పనీ లేదు," అని చదివి, నవ్వింది.

ఏ పనీ లేదు. చాకలికి పని ఉంది, లైట్లవాడికి పని ఉంది, రేపో మాపో దిగే దూరపు చుట్టానికి కూడా పని ఉంది. పెంచిన దానికి లేదు.

"ఇంకేమన్నా ఉందా అక్కా?"

ఉంది. ఎస్తేరమ్మకు అది మొదట చదివినప్పుడే తెలిసింది. ఆ కాగితంలో కూలికి వచ్చేవాళ్లు, పిలిస్తే వచ్చేవాళ్లు అందరూ ఉన్నారు. ఇంకెవరూ చెయ్యని పని ఒకటి మాత్రం అందులో లేదు. ఎవరూ చెయ్యనిది ఎందుకంటే అది ఎప్పుడూ ఎస్తేరమ్మే చేసేది, చేస్తున్నానని ఎవరికీ చెప్పేది కాదు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు రెండు వైపుల గుళ్లలోనూ ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చునని. పెళ్లికొడుకుది కోవూరు. అక్కడి గుడిలో మూడోసారి చదివాక, అభ్యంతరాలు లేవని కోవూరు పాస్టరు అయ్యగారు చీటీ రాసివ్వాలి. అది చేతిలో పడందే ముత్తుకూరు అయ్యగారు పెళ్లి చెయ్యడు. రెండేళ్ల కింద ఒక జంటను గుడి మెట్ల మీద నుంచే వెనక్కి పంపించాడు.

అన్ని చోట్లా ఈ చీటీలు టపాలో పోతాయి. కోవూరు జ్ఞానప్రకాశం అయ్యగారి దగ్గర మాత్రం కుదరదు. పదకొండేళ్ల కిందట ఒక పెళ్లికొడుకు తరఫు వాళ్లు దొంగచీటీ పుట్టించారు. ఆ పెళ్లికొడుకుకు చిల్లకూరులో అప్పటికే పెళ్లాం ఉంది. అప్పట్నుంచి ఆయన టపాను నమ్మడు, మగపెళ్లివారిని నమ్మడు. మూడో ఆదివారం ఆరాధన కాగానే ఆడపిల్లవైపు పెద్దమనిషి ఎదుటికి రావాలి. 'మీ వైపు అందరికీ సమ్మతమేనా?' అని ఆయన ముఖం చూసి అడుగుతాడు. సమ్మతమేనని చెబితేనే సంతకం. ముత్తుకూరు పాళెం నుంచి కోవూరుకు ఏ పిల్లనిచ్చినా ఆ పెద్దమనిషి ఎస్తేరమ్మే. వదిన ప్రతి కోవూరు సంబంధానికీ ఒక ఆదివారం అక్కడికి పోయి వస్తుందని మేష్టరుకు తెలుసు. చుట్టాలను చూడటానికి పోతుందనీ, చీటీ టపాలో వస్తుందనీ అనుకునేవాడు, పిచ్చి మారాజు.

రేపే మూడో ఆదివారం.

"ఏముంటుందమ్మా," అంది ఎస్తేరమ్మ. "అన్నీ రాసినావు గదా."

మగ్దలీనమ్మ సంతోషపడి కాగితం మడిచింది.

ఎస్తేరమ్మ దుర్మార్గురాలు కాదు. నా మాట నమ్మండి. పెళ్లి చెడాలని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆమె అనుకున్నది ఇంతే. బుధవారం నాటికి ఎవరో ఒకరు చీటీ ఏదని అడుగుతారు. గళ్ల కాగితం అటు తిప్పీ ఇటు తిప్పీ వెతుకుతారు. నెల్లూరు నర్సమ్మ ముఖం పాలిపోతుంది. అప్పుడు మేష్టరు వంటింటి గుమ్మం వైపు తిరిగి 'వదినా' అంటాడు. తను చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని, కోవూరు బస్సెక్కుతుంది. ఆలస్యమైనందుకు అయ్యగారు రెండు మాటలంటాడు, పడుతుంది. చీటీతో బస్సు దిగేసరికి పాళెమంతా చూస్తుంది. ఆ ఒక్క సాయంకాలం కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది. అసూయ ఎంత చిన్న కోరికలు కోరుతుందో చూడండి.

ఆదివారం ముత్తుకూరు గుడిలో ఎస్తేరమ్మ ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుంది. కోవూరు సంబంధానికి మూడో ప్రకటన ఇక్కడ వినడం ఆమెకు ఇదే మొదలు. ఇన్నేళ్లూ అలాంటి ఆదివారం ఈ గంటకు కోవూరులో ఉండేది. అయ్యగారు సలోమి పేరు, పెళ్లికొడుకు తిమోతి పేరు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చునని ఆగాడు. ఆ ఆగడం ఆమెకు ఎన్నడూ ఇంత పొడుగ్గా అనిపించలేదు. కిటికీ బయట ఏదో కాకి అరిచింది. ముందు వరసలో సలోమి పక్కకు వంగి పిన్ని చెయ్యి పట్టుకుంది.

పిన్ని చెయ్యే! ఆ చెయ్యి చూశాక, లేచి బయటికి నడిచి ఏ బండన్నా ఎక్కుదామా అని అప్పటిదాకా కొట్టుకులాడిన మనసు కాస్తా రాయి అయిపోయింది. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

సాయంకాలం ఎండ తగ్గాక సలోమి దొడ్లోకి వచ్చింది. ఎస్తేరమ్మ కల్లుప్పు ఎండబోసిన గోనె మడుస్తోంది. పిల్ల వచ్చి గోనె రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడిచారు.

"పెద్దమ్మా, నా మీద కోపమా?"

"నాకెందుకు కోపం? నీకు మీ పిన్ని ఉండాది, అన్నీ చూసుకుంటుండాది. నాకేం పని?"

సలోమి గోనె కొస వదల్లేదు.

"'ఏ పనీ లేదు' అన్న ముక్క పిన్ని రాయలేదు. నేను రాయమన్నా," అంది. "నువ్వు ఇన్ని పెళ్లిళ్లు చేసినావు గదా, ఒక్క పెళ్లికూతురన్నా గుళ్లోకి నడిచి వస్తుంటే చూసినావా? ఎప్పుడూ పొయ్యికాడో ఆకుల కాడో ఉంటావు. ఎరికమ్మ పెళ్లిలో నేను గుళ్లోంచి బయటికొచ్చి వెతికితే పులుసులో ఉప్పు చూస్తుండావు. నా పెళ్లికి నువ్వు మొదటి వరసలో కూర్చోవాల. అమ్మ కూర్చునేచోట. నేను నడిచి వస్తుంటే చూడాల. అందుకని నీకు ఏ పనీ పెట్టొద్దన్నా. పిన్ని ఎంత చెప్పిందో, పెద్దమ్మ నొచ్చుకుంటుంది, ఒక్క మాట ముందే చెప్పు అని. నేనే అప్పటికప్పుడు చెబుదామని ఊరుకున్నా."

ఎస్తేరమ్మ చేతిలోంచి గోనె జారిపోయింది. పిల్ల దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద తల పెట్టుకుంది. నాలుగేళ్లప్పుడు పెట్టుకున్నట్టే పెట్టుకుంది. ఆ తల మీద చెయ్యి వెయ్యడానికి ఎస్తేరమ్మకు చెయ్యి రాలేదు. ఇంత పాపిష్టి పని చేసిన చెయ్యి పిల్ల మీద వెయ్యాలా అనిపించింది. ఏడుపొచ్చింది గానీ అది కూడా మింగేసింది.

ఇంట్లో చెప్పెయ్యాలి. చెప్పాలనే వసారాలోకి వచ్చింది. మేష్టరు మైకుసెట్టువాడితో మాట్లాడుతున్నాడు. మగ్దలీనమ్మ పెళ్లికూతురి ముసుగుకు అంచు కుడుతూ తలెత్తి, "రండక్కా, ఇది సరిపోయిందేమో చూడండి," అని పిలిచింది. ఆ ముఖంలో ఇంత కల్మషం లేదు. తెలిసీ దాచానని ఆ ముఖంతో ఎలా చెప్పడం? రేపు పొద్దున్నే పోయి తెచ్చేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అనుకుంది. కుట్టు బాగుందని చెప్పి లోపలికి పోయింది.

సోమవారం మొదటి బస్సుకే బయలుదేరింది. కోవూరులో దూరపు చుట్టానికి బాగాలేదని ఇంట్లో చెప్పింది. నెల్లూరులో బస్సు మారి పెన్న దాటింది. ఎండాకాలం కదా, ఏరంతా ఇసకే. సన్నపాయ ఒకటి పారుతోంది, దాన్లో ఎవరివో బర్రెలు పడుకున్నాయి. అయ్యగారు ఏమన్నా సరే కాళ్లు పట్టుకుందాం అని దారంతా అనుకుంది. చీటీ ఒక్కటి చేతికొస్తే ఈ జన్మలో మళ్లీ ఎవరినీ చూసి కుళ్లుకోను తండ్రీ అని ప్రార్థన చేసుకుంది.

అయ్యగారి ఇంటి ముందు బెంచీ మీద ఎవరో గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. దగ్గరికి పోయేసరికి గుర్తుపట్టింది. పెళ్లికొడుకు తండ్రి క్రీస్తుదాసు. రెండెకరాల వరి మడి, మాట మీద నిలబడే మనిషని కోవూరంతా పేరు. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించేవాడు ఇవాళ లేచి నిలబడ్డాడు గానీ పలకరించలేదు.

లోపల నుంచి అయ్యగారి భార్య రెబెక్కమ్మ వచ్చింది. అయ్యగారు లేరట. మహాసభలకని నిన్న సాయంకాలమే రైలెక్కారట, శుక్రవారం గానీ రారట. ఎస్తేరమ్మ మెట్టు మీద కూలబడింది. పెళ్లి గురువారం.

"అయ్యగారు నిన్న నీకోసం ఎంతసేపు చూసినారో తెలుసా ఎస్తేరమ్మా?" అంది రెబెక్కమ్మ. "ఆరాధన అయినాక గుడి వాకిట్లోనే నిలబడుకున్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. అన్నానికి రమ్మంటే రాలేదు. బస్సు తప్పిందేమోలే అన్నాను నేను. 'పదకొండేండ్లలో ఒక్కసారన్నా తప్పిందా? వానలో వొచ్చింది, జ్వరంతో వొచ్చింది. ఎస్తేరమ్మ రాలేదంటే సమ్మతమని చెప్పేదానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ ఇంట్లో ఏందో ఉండాది' అన్నారు."

రెబెక్కమ్మ బైబిలులోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది. చీటీ రాసి సంతకం చేసే పోయారట. కానీ ఎస్తేరమ్మ వచ్చి, ఆదివారం ఎందుకు రాలేదో సొంత నోటితో చెప్పి, క్రీస్తుదాసు విని సరేనంటేనే చేతికివ్వాలని భార్యకు ఆన పెట్టి పోయారట. అందుకే క్రీస్తుదాసు పొద్దున్నుంచీ బెంచీ మీద కాచుకుని ఉన్నాడు.

క్రీస్తుదాసు ఆమె వైపు తిరిగాడు.

"ఎస్తేరక్కా, నేనేం కేకలు వెయ్యను. పిల్లలో ఏం లోపముండాదో చెప్పు. మీ ఇంటి పరువు నా పరువే అనుకుంటా."

"పిల్లలో ఏ లోపమూ లేదు నాయనా. బంగారం నా బిడ్డ."

"మరి నువ్వెందుకు రాలేదు?"

చుట్టానికి జ్వరమని చెప్పవచ్చు. బస్సు చెడిందని చెప్పవచ్చు. ఆ రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. సలోమి తల భుజం మీద పెట్టుకున్నది గుర్తొచ్చింది ఆమెకు. అబద్ధం చెప్పి చీటీ తీసుకుపోతే, ఆ మొదటి వరసలో తను ఏ ముఖంతో కూర్చుంటుంది?

"ఓర్వలేక రాలేదు," అంది ఎస్తేరమ్మ.

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. పిల్లకు పిన్ని వచ్చిందని, పెత్తనమంతా ఆమె చేతికి పోయిందని, కాగితంలో అందరి పేర్లూ రాసి తనకు ఏ పనీ లేదన్నారని, చీటీ సంగతి వాళ్లకు తెలియదని తెలిసీ నోరు మూసుకున్నానని, వాళ్లు తన కాళ్ల దగ్గరికి రావాలని కోరుకున్నానని, అంతా చెప్పింది. కళ్లలో నిప్పులు పోసుకున్నానని చెప్పింది. జీవితంలో ఎవరి ముందూ ఇంతగా తలవంచుకున్నది లేదు. చెప్పి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. సిగ్గుతో ఒళ్లు కాలిపోతున్నా లోపల ఎక్కడో కాస్త తేలికపడింది.

చివరికి ఎస్తేరమ్మ తలెత్తింది. క్రీస్తుదాసు ఆమెను కోపంగా చూడటం లేదు, జాలిగా చూస్తున్నాడు.

"నీకా అక్కా, ఓర్వలేనితనం?" అన్నాడు. "మా పెద్దోడి పెండ్లికి మా కోడలికి జ్వరమొస్తే, నీకేమీ కాని పిల్ల, రెండు దినాలు పక్కన కూచుని తడిగుడ్డ వేసినావు. మా ఆడదానికంటే నిన్నే ఎక్కువ నమ్మినాను నేను. ఇన్ని పెండ్లిండ్లు చేతుల మీద జరిపించినదానివి, సొంత బిడ్డ పెండ్లికి కుళ్లుకుని చీటీకి రాకుండా మానుకున్నావంటే ఎవురు నమ్ముతారు?"

"నిజం నాయనా. ప్రమాణం చేస్తాను."

"చేస్తావు. పెంచిన పేగు, ఎందుకు చెయ్యవు? బిడ్డ మీదకు మాట రాకుండా అంతా నీ నెత్తినేసుకుంటుండావు. నీ అంత మనిషి ఇంత అబద్ధమాడాల్సొచ్చిందంటే, నువ్వు దాస్తుండే సంగతి ఎంత పెద్దదో నాకు తెలిసిపోతుండాది."

ఎస్తేరమ్మ కాదు కాదని చేతులూపింది. రెబెక్కమ్మ వైపు తిరిగింది. రెబెక్కమ్మ కళ్లు తుడుచుకుంటోంది, ఆమె కూడా నమ్మలేదు. చీటీని మళ్లీ బైబిలులో పెట్టి మూసేసింది.

క్రీస్తుదాసు గొడుగు తీసుకున్నాడు. పన్నెండు గంటల బస్సుకు ముత్తుకూరు పోతున్నాడట, మేష్టరునే ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడట. మెట్టు దిగి ఆమె పక్కకు వచ్చి వంగి, మెల్లగా చెప్పాడు.

"భయపడబాక అక్కా. నువ్వే మాకు తెలిసేట్టు చేసినావని ఆ ఇంట్లో ఎవురికీ చెప్పను."